ఆ పిల్లలకు ‘బ్యాచ్’ అని పేరు పెట్టకండి

సంపాదకుల వారికి, నమస్కారం.

విజయవాడ సిటీ పేజీలో ఒక ఫొటో మళ్లీ మళ్లీ వస్తుంటుంది. పోలీస్ స్టేషన్ గోడ ముందు ఆరేడుగురు కుర్రాళ్లు వరుసగా నిలబడి ఉంటారు, మొహాలకు ముసుగులు. ముందు బల్ల మీద నాలుగు సెల్‌ఫోన్లు, రెండు కత్తులు, ఒక గంజాయి పొట్లం. పైన పెద్దక్షరాల్లో ‘బ్లేడ్ బ్యాచ్ ఆటకట్టు’. వార్త ఆఖరి వాక్యం ‘వీరిలో ముగ్గురు మైనర్లు’. ముసుగు తొడిగారు కదా, ఇంకేం ఇబ్బంది అని మీ డెస్కులో అనుకుంటూ ఉండొచ్చు. ఆ వీధిలో వాళ్లకి ముసుగు అడ్డం రాదు. చొక్కా, చెప్పులు, చేతికున్న దారం చూసి ఫలానా వాళ్లబ్బాయని చెప్పేస్తారు. పేట పేరు, నాన్న చేసే పని వార్తలోనే ఉంటే మిగతా ఊరికీ తెలిసిపోతుంది.

కృష్ణలంక, రాణిగారితోట, సింగ్‌నగర్, వాంబే కాలనీ పిల్లలతో రోజూ పని ఉన్నవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరమిది. మాలో బడిలో పాఠం చెప్పేవాళ్లున్నారు, బాల న్యాయ మండలి ముందు పిల్లల తరఫున నిలబడే వకీళ్లున్నారు, అర్ధరాత్రి కుట్లు వేసే డాక్టర్లున్నారు. దెబ్బ తిన్నవాళ్ల బాధ చిన్నదని మేం అనడం లేదు. గొలుసుతో పాటు మెడ చర్మం తెగిన ఆడమనిషికి, నెల జీతం పెట్టి కొన్న ఫోను పోగొట్టుకున్న డెలివరీ కుర్రాడికి న్యాయం జరగాలి. కానీ ఆ ఫొటో, దాని చుట్టూ నడిచే తతంగం వచ్చే ఏడాది గాయపడేవాళ్లను పెంచుతాయన్నది మా మాట.

ముందు చట్టం సంగతి. 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ పత్రికల్లో రాకూడదు. ఫొటో అసలే రాకూడదు. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మీకు తెలియనిది కాదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పద్నాలుగేళ్ల పిల్లలు నలుగురు కలిసి తిరిగితే ఆ గుంపుకి పేరుండదు. పేపర్లో ‘బ్యాచ్’ అని పడ్డ మర్నాడు ఆ కటింగ్ వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది. పేరు వచ్చాక పక్క పేట కుర్రాళ్లు దాన్ని పరీక్షించడానికి వస్తారు. తగ్గితే పరువు పోతుంది. నిన్నటిదాకా క్రికెట్ బ్యాటు మోసినవాడు ఆ పేరు నిలబెట్టుకోవడానికి జేబులో ఏదో ఒకటి పెట్టుకుని బయల్దేరతాడు.

అసలు ఆ మాట కిందకి మూడు రకాలవాళ్లను కలిపేస్తున్నారు. రైల్వే స్టేషన్, బస్టాండ్ చుట్టూ మత్తుకి అలవాటుపడి, షేవింగ్ బ్లేడు ముక్కతో జేబులు కోసి బతికేవాళ్లు ఒకరకం. పోలీసులు పట్టుకోబోతే తమ చేతుల్నే కోసుకుని భయపెట్టేదీ వీళ్లే. ఇది చాలావరకు వైద్యం కావాల్సిన వ్యవహారం. స్థలాల సెటిల్మెంట్లు, వడ్డీ వసూళ్ల కోసం పెద్దవాళ్లు నడిపే గుంపులు రెండో రకం. 2020 మే నెలాఖరున పటమటలో పట్టపగలు రెండు వర్గాలు కత్తులు, కర్రలతో తలపడి ఒకరు చనిపోయిన ఘటన ఈ కోవలోది. మూడోది పేట కుర్రాళ్ల గుంపు. తొమ్మిదో తరగతో, పదో తరగతో, లేక బడి మానేసి ఏడాదో. ఈ మూడో గుంపే మొదటి రెండింటికీ మనుషుల్ని అందిస్తుంది. ఆపగలిగేది కూడా ఇక్కడే.

ఆ గుంపు ఎలా కూడుతుందో చూడాలంటే సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది వరకు చూడాలి. కృష్ణా కరకట్ట కిందా, కాలవ గట్ల మీదా ఒంటి గది ఇళ్లు ఎన్నో. అమ్మ పనిళ్ల నుంచి వచ్చి పొయ్యి వెలిగిస్తుంది, చెల్లెలు ఓ మూల పుస్తకం పట్టుకుంటుంది, నాన్న తాగి వస్తే ఉన్న చోటూ పోతుంది. ఎదిగిన మగపిల్లాడికి ఆ గదిలో కాళ్లు చాపుకునే జాగా ఉండదు. ‘కాసేపు బయట తిరిగి రారా’ అని పంపేది ఇంట్లోవాళ్లే. ఆ కాసేపు అయిదు గంటలవుతుంది. కృష్ణలంక రిటైనింగ్ వాల్ పక్కన, మూసేసిన షాపు అరుగు మీద, పెట్టె కొట్టు వెనక ఆ అయిదు గంటలూ గడుస్తాయి. అక్కడే ‘అన్న’ ఉంటాడు.

అన్నకి ఇరవై రెండో, ఇరవై మూడో. మొదట ఏమీ అడగడు. ‘తమ్ముడూ, బండి చూస్తుండు’ అంటాడు. వారం పోయాక తాళం ఇచ్చి ఒక రౌండు కొట్టి రమ్మంటాడు. ఇంట్లో ‘ఎందుకూ పనికిరావు’ అనిపించుకున్న వాడికి ఒకడు బండి తాళం చేతిలో పెట్టడమంటే ఏమిటో పెద్దవాళ్లు మర్చిపోతారు. తర్వాత బిర్యానీ, పెట్రోలు, పగిలిన ఫోన్ స్క్రీనుకి డబ్బులు. దేనికీ లెక్క రాయడు, తిరిగి అడగడు. రాయని ఆ లెక్కే పిల్లాణ్ణి కట్టేస్తుంది. రెండు మూడు నెలలయ్యాక ‘ఈ సంచి ఆ సందులో ఇచ్చిరా’ అంటాడు. ఆ పైన ఒకరోజు ‘రేపు సాయంత్రం ఒకచోటికి రావాలి, ఊరికే నిలబడితే చాలు’ అంటాడు. ఇన్నాళ్లు తిన్నది గుర్తున్నవాడు కాదనలేడు. తల్లిదండ్రులు కనిపెట్టాల్సింది బిర్యానీ దశలోనే. ఇంట్లో ఇవ్వని డబ్బుతో ఫోను బాగైందంటే, తనది కాని బండి మీద వస్తున్నాడంటే, తిట్టే ముందు అది ఎవరిచ్చారో అడగాలి.

ఈ దశలోనే ఫ్లెక్సీ వస్తుంది. అన్న పుట్టినరోజుకి నిలువెత్తు బొమ్మ, కింద రెండు వరుసల్లో పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పదమూడేళ్ల వాడికి ఆ వరుసలో చోటు దొరకడం ఓ పెద్ద గుర్తింపు. ఆ ఫ్లెక్సీ చినిగితే గొడవ, గాలికి చినిగినా గొడవే, ఎవరో కావాలని చింపారనే అనుకుంటారు. మిగతా గొడవలు రీల్స్ కింద కామెంట్లలో మొదలవుతాయి. ‘ఫేస్ టు ఫేస్ రా’ అనే దాకా గంట పట్టదు. అక్కడ చూసేవాళ్లు వందమంది ఉండటం వల్ల ఒక్కడూ వెనక్కి తగ్గలేడు. ఎదురెదురుగా కూర్చుంటే ఆ పిల్లలే పది నిమిషాల్లో సర్దుకుంటారు, అందుకని కామెంట్ల గొడవ చెవిన పడ్డ టీచరు ఆ సాయంత్రంలోపు ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే చాలా వరకు అక్కడితో పోతుంది. సాయంత్రం దాటితే రెండువైపులా అన్నలు వచ్చేస్తారు.

‘ఊరికే నిలబడితే చాలు’ అన్న మాట దగ్గర మా వకీళ్లు పిల్లలకు ఒక్క విషయం చెబుతుంటారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 189 ప్రకారం చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో అయిదుగురో అంతకుమించో గుమిగూడితే అది నేరపు గుంపు. సెక్షన్ 190 ప్రకారం ఆ ఉద్దేశం కోసం గుంపులో ఒకడు కొట్టిన దెబ్బ గుంపంతా కొట్టినట్టే లెక్క. వెనక బండి మీద కూర్చుని వీడియో తీసినవాడూ అందులో ఒకడే. ఈ ముక్క ఎనిమిదో తరగతిలోనే, బోర్డు మీద అయిదు బొమ్మలు గీసి చెప్పాలి. మేం చూసినంతలో నీతి పాఠాల కన్నా ఈ లెక్కే పిల్లల చెవికి ఎక్కుతుంది.

ఇంకో లెక్క. చేతిలోని ఫోను లాక్కుపోతే న్యాయ సంహిత సెక్షన్ 304, గరిష్ఠ శిక్ష మూడేళ్లు. బాల న్యాయ చట్టంలో అది చిన్న నేరాల జాబితాలోకి వస్తుంది. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ లాంటివాటితో ముగించే దారి ఉంది. అదే ఫోను, అదే రోడ్డు, దోపిడీలో ప్రాణాంతకమైన ఆయుధం వాడారంటే సెక్షన్ 311, కనీస శిక్షే ఏడేళ్లు. అంటే క్రూర నేరాల జాబితా. పదహారు దాటినవాడైతే పెద్దవాళ్లలా విచారించాలా అని మండలి మూడు నెలల్లోపు ప్రాథమిక అంచనా వేస్తుంది. పదివేల ఫోను పదివేల ఫోనే, జేబులో పెట్టుకున్న ఆయుధం మాత్రం ఒక జీవితాన్ని పక్కకి తోసేస్తుంది. ‘ఊరికే దగ్గర పెట్టుకున్నా’ అనే పిల్లలకి ఇది తెలియదు. అన్నకి తెలుసు. అందుకే తన దగ్గర పెట్టుకోడు.

పిల్లలు మత్తు కోసం పీల్చే ‘సొల్యూషన్’ గురించి కాస్త వివరంగా రాయక తప్పదు, ఇక్కడ తెలియక ప్రాణాలు పోతాయి. పంక్చర్లు అతికే రబ్బర్ సొల్యూషన్, వైట్‌నర్ థిన్నర్లలో టొలీన్ ఉంటుంది. జేబులో బిగుసుకుపోయిన గుడ్డ ముక్క, చొక్కా కాలరు దగ్గర పెయింటు కొట్టు వాసన, ముక్కు కింద, పెదాల చుట్టూ ఎర్రగా పొక్కిన చర్మం, మధ్యాహ్నమే తూలే నడక కనిపిస్తే అదే అనుకోవాలి. టొలీన్ ఒంట్లో ఉన్నప్పుడు భయం వేసినప్పుడు ఊరే అడ్రినలిన్‌కి గుండె విపరీతంగా స్పందిస్తుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా భయపెట్టినా, తరిమినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాడికైనా ఆ ప్రమాదం ఉంది. కాబట్టి గట్టు మీద పిల్లలు గుడ్డ పట్టుకుని కనిపిస్తే లాఠీ పట్టుకుని పరుగెత్తకండి, కేకలేయకండి. నెమ్మదిగా దగ్గరికెళ్లి, గాలి తగిలే చోట కూర్చోబెట్టి, గుడ్డ పక్కన పడేసి, పలకకపోతే 108కి ఫోన్ చేయాలి. తండ్రి కొట్టాలనుకుంటే అదీ ఆపాలి. మాటలు మర్నాడు మాట్లాడుకోవచ్చు.

గంజాయి దారి వేరు. అల్లూరి జిల్లా ఏజెన్సీ నుంచి వచ్చే సరుకు నగరం గుండా పోతూ ఇక్కడ పొట్లాలుగా విడిపోతుంది. పొట్లాలు పిల్లల చేత మోయించడానికి కారణం ఒకటే, దొరికినా జైలుకి పోరని. కిలోలోపు ఉంటే చట్టం దాన్ని చిన్న పరిమాణం అంటుంది. అలవాటుపడ్డవాడు చిన్న పరిమాణం కేసులో ఉన్నా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి చేరి పూర్తి చేస్తే మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. ఈ సెక్షన్ సంగతి తెలిసి మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు అరుదు. కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంట్లో గొలుసేసి కట్టేస్తారు. పదిరోజులకు వాడు గొలుసు తెంపుకుని అన్న దగ్గరికే పోతాడు.

ముంజేతి గాట్ల గురించి టీచర్లకు ఒక మాట. కుడిచేతి వాటం ఉన్నవాడు తన చేతిని తానే కోసుకుంటే గీతలు ఎడమ ముంజేతి లోపలివైపు, నిచ్చెన మెట్లలా ఒకే దిక్కుగా, పెద్ద లోతు లేకుండా పడతాయి. ఎదుటివాడు కొయ్యబోతే అడ్డం పెట్టిన గాయాలు చేతి బయటివైపు, అరచేతిలో, వేళ్ల మీద ఉంటాయి. మొదటిది చూసి ‘రౌడీ వేషాలా’ అని తరగతి ముందు చొక్కా చేయి పైకి లాగి చూపించడం చాలా ప్రమాదం. వాడికి కావాల్సింది మానసిక వైద్యం. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. రెండోది గొడవ. ఆ గొడవ ఇంకా అయిపోలేదని అర్థం, ఆ సాయంత్రం వాణ్ణి ఒంటరిగా పంపకూడదు.

గొడవ తర్వాత పిల్లలు పెద్దాసుపత్రికి రారు. పోలీసులకి చెబుతారని భయం. సందు చివర ఆర్‌ఎంపీ దగ్గర పైన చర్మం కుట్టించుకుని వెళ్లిపోతారు. మణికట్టు, అరచేతి గాయాల్లో లోపల వేలిని మడిచే నరం, అంటే స్నాయువు తెగి ఉంటే పైన కుట్టు అందంగానే మానుతుంది, వేలు మాత్రం మడవదు. వారాలు గడిస్తే తెగిన కొసలు వెనక్కి లాక్కుపోయి తిరిగి కలపడం కష్టమవుతుంది. పదహారేళ్లకి స్పానరు పట్టలేని చేయి మిగిలితే ఆటోనగర్‌లో ఆ పిల్లాడికి పనెవరిస్తారు? అందుకని గాయమయ్యాక ప్రతి వేలినీ విడివిడిగా మడిచి చూడాలి, ఒక్కటి మడవకపోయినా అదే రోజు సర్జన్ చూడాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు తీయకుండా గట్టిగా అదిమిపట్టాలి. దిగబడిన కత్తిని లాగకూడదు, అదే లోపల రక్తాన్ని ఆపుతుంటుంది. పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

ఇక స్టేషన్‌లో మొదటి రాత్రి. 2016 బాల న్యాయ నమూనా నియమాల ప్రకారం క్రూర నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమైతేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. మిగతావాటికి జనరల్ డైరీలో రాసి, పిల్లాడి నేపథ్య నివేదికతో మండలికి పంపాలి. లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్లు వేయకూడదు, మాట్లాడే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వాంగ్మూలం మీద సంతకం పెట్టించకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మండలి ముందు హాజరుపరచాలి. అమ్మానాన్నలకీ ప్రొబేషన్ అధికారికీ కబురందాలి.

ఇదంతా కాగితం మీద ఉంది. ఎక్కడ తప్పుతుందంటే వయసు దగ్గర. ‘పంతొమ్మిది’ అని ఎవరో అంటే అదే రాసేస్తారు. బాల న్యాయ చట్టం సెక్షన్ 94 వరుస చెబుతుంది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకుంటే కార్పొరేషన్ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్, వాంబే కాలనీ ఇళ్లలో నీళ్లు నిలిచి బీరువాల్లోని కాగితాలు ముద్దయ్యాయి. ఆ ఇళ్లవాళ్లు డూప్లికేట్ టీసీ, జనన ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోవాలి, ఫోన్‌లో ఫొటో కూడా ఉంచుకోవాలి. అర్ధరాత్రి స్టేషన్ ముందు ఆ ఒక్క ఫొటోతో చాలా తేడా వస్తుంది.

తల్లిదండ్రులు చేసే ఖరీదైన తప్పు మధ్యవర్తిని పట్టుకోవడం. ‘బెయిల్‌కి ఇంత, ఎస్సైకి ఇంత’ అంటూ మూడు రూపాయల వడ్డీకి అప్పు చేయిస్తాడు. అదే చట్టం సెక్షన్ 12 ప్రకారం పిల్లలకు జామీను లేకపోయినా బెయిల్ ఇవ్వవచ్చు. వదిలితే తెలిసిన నేరస్థుల చేతిలో పడతాడనో, ప్రమాదంలో పడతాడనో, న్యాయానికి అడ్డమనో మండలి నమ్మితేనే నిరాకరిస్తుంది. వకీలుకి డబ్బక్కర్లేదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. తల్లి ఆ డబ్బుతో చేయాల్సిన పని వేరే ఉంది, వాడు తిరిగొచ్చాక మూడు నెలలు ఎవరింట్లో ఉంటాడో చూడటం. ఏలూరులో మేనమామో, గుడివాడలో పెద్దమ్మో ఉంటే, అక్కడ బడో పనో కుదిరితే, మండలి ముందు ఆ వివరం చెప్పాలి. మండలి చూసేది అదే.

‘ఒకసారి కేసయింది, ఇంకేముంది, కానిస్టేబుల్ ఉద్యోగం రాదు, ఆర్మీ రాదు’ అన్న నిరాశతో పూర్తిగా అన్న వైపు జారిపోయేవాళ్లున్నారు. బాల న్యాయ చట్టం సెక్షన్ 24 సరిగ్గా దీనికోసమే ఉంది. పిల్లప్పటి నేరం ఏ ఉద్యోగానికీ అనర్హత కాదు, గడువు తీరాక రికార్డు నాశనం చేయాలి. పెద్దవాళ్లలా విచారణ జరిగి దోషులుగా తేలిన పదహారు దాటినవాళ్లకే మినహాయింపు. పిల్లప్పటి కేసు చూపి కేంద్ర బలగాల ఉద్యోగం నిరాకరించడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. కానీ గూగుల్‌లో పేరు, ఫొటో మిగిలిపోతే ఏ కోర్టు దాన్ని చెరపగలదు? సంపాదకుల వారూ, సెక్షన్ 74ని మేం మళ్లీ మళ్లీ గుర్తుచేసేది ఇందుకే.

పెద్దవాళ్లు ఎలా తప్పించుకుంటున్నారో కూడా మీ విలేకరులు అడగాలి. పిల్లల్ని చట్టవిరుద్ధమైన పనులకు, ఒంటరిగానో గుంపుగానో, వాడుకుంటే బాల న్యాయ చట్టం సెక్షన్ 83 కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల జరిమానా. మత్తు మోయించినందుకు సెక్షన్ 78, ఇచ్చినందుకు సెక్షన్ 77, రెండింటికీ ఏడేళ్ల వరకు. న్యాయ సంహిత సెక్షన్ 95 ఇంకా కఠినం. పిల్లల్ని నేరానికి పెట్టుకుంటే కనీసం మూడేళ్లు, పదేళ్ల వరకు, పైగా ఆ నేరం జరిగితే దాని శిక్ష కూడా పెద్దవాడికే. ఇన్ని సెక్షన్లు ఉండి కూడా వాడకపోవడానికి కారణం, పిల్లాడు అన్న పేరు చెప్పడు. చెప్పించక్కర్లేదు కూడా. బండి ఆర్‌సీ ఎవరి పేరున ఉందో, ఫోన్ స్క్రీనుకి డబ్బు ఏ నంబరు నుంచి పోయిందో, ఫ్లెక్సీ ఎవరు కొట్టించారో చూస్తే చాలు. మైనర్‌కి బండి ఇచ్చిన యజమానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ కింద మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు ఉంది. అన్నకి బండి పోవడం కంటే పెద్ద దెబ్బ లేదు, ఎందుకంటే పిల్లల్ని పట్టేది ఆ బండితోనే. మీ వార్తలో ‘ముగ్గురు మైనర్లు’ అన్న వాక్యం వచ్చిన ప్రతిసారీ దాని పక్కన ‘సెక్షన్ 95 పెట్టారా’ అన్న ప్రశ్న రావాలి.

బడి విషయంలో పెద్ద ఖాళీ ఎనిమిదో తరగతి దగ్గర ఉంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. తొమ్మిదిలోకి వచ్చాక మానేసినవాడి కోసం తిరగాల్సిన బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉండదు. బడి వాణ్ణి ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్స్‌లోకి, అంటే బడి మానేసినవాళ్ల జాబితాలోకి తోస్తుంది, అక్కడితో అయిపోయిందనుకుంటుంది. నిజానికి ఆ డ్రాప్ బాక్సే నగరంలో అన్నలకి దొరకబోయే పిల్లల జాబితా. వార్డు సచివాలయంలో విద్యా కార్యదర్శి ఉన్నారు, మహిళా సంరక్షణ కార్యదర్శి ఉన్నారు, ఒక్కో సచివాలయం కింద సుమారు నాలుగువేల జనాభా. నెలకోసారి ఆ పేర్లు పట్టుకుని ఇద్దరూ గడప ఎక్కితే చాలు. సాయంత్రం ఏడుకి వెళ్లాలి, పగలు వెళితే తాళం కనిపిస్తుంది.

పది తప్పినవాళ్లకి అత్యంత ప్రమాదకరమైన రోజులు ఫలితాలొచ్చాక వచ్చే రెండు వారాలు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు గడువు ఆ రోజుల్లోనే వచ్చి పోతుంది, పిల్లాడు సిగ్గుతో బడి వైపు రాడు, గడువు దాటిపోతుంది. ఎనిమిది పాసైనవాళ్లకి ఐటీఐలో వెల్డర్, వైర్‌మన్ ట్రేడ్లు ఉన్నాయని, పద్నాలుగు నిండితే ఓపెన్ స్కూల్లో పది కట్టొచ్చని చెప్పేవాళ్లుండరు. ఆటోనగర్‌లో షెడ్డు యజమానులు పిల్లాణ్ణి ముచ్చటపడి పెట్టుకుంటారు, కానీ పద్నాలుగు లోపు ఏ పనిలోనూ, పద్దెనిమిది లోపు ప్రమాదకరమైన పనుల్లోనూ పెట్టుకోకూడదు. చట్టప్రకారం పని నేర్చుకోవడానికి ఐటీఐ దారి ఉంది. పిల్లాణ్ణి పొద్దున్నే లేపి బస్సెక్కించే మనిషి మొదటి నెలంతా కావాలి. రెండో నెల నుంచి వాడే లేస్తాడు.

వినాయక చవితి పందిరి కమిటీలను పోలీసులు అనుమానంగా చూస్తారు. అది పొరపాటని మా అభిప్రాయం. చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరగడం, మైకువాడితో బేరం, లడ్డూ వేలం లెక్క, నిమజ్జనం లారీ, ఇవన్నీ పదిహేనేళ్ల వాడు బాధ్యత నేర్చుకునే పనులు. పేటలో వాడికి ఇంకెక్కడా అది దొరకదు. గొడవ వచ్చేది చందా లెక్క తేలనప్పుడు, ఊరేగింపు రెండో పేట ముందు డీజేతో ఆగినప్పుడు. అనుమతి ఇచ్చేటప్పుడే జమాఖర్చులు గోడకి అంటించాలని, ఊరేగింపు దారి పక్క కమిటీతో కలిసి రాసుకోవాలని షరతు పెడితే సగం తలనొప్పి పోతుంది. కమిటీలో పెద్దావిడ ఒకరుండాలి. ఆవిడ ముందు ఎవరూ నోరు జారరు.

కార్పొరేషన్‌ని మేం కొత్త భవనాలు అడగడం లేదు. ఉన్న స్కూళ్ల గేట్లు సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు తెరిచి, మైదానంలో నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, ఒక గదిలో ఫ్యాను, బల్లలు, ఒక వాచ్‌మన్, ఒక కోచ్. ఆ నాలుగు గంటలే అన్న పనివేళలు. గదిలో చదువుకునేవాళ్లు, గ్రౌండులో కబడ్డీ ఆడేవాళ్లు ఒకే గేటు గుండా రావాలి. ‘చెడిపోయిన పిల్లల సెంటర్’ అని బోర్డు పెడితే ఒక్కడూ రాడు. ‘కౌన్సెలింగ్’ అంటూ మైనర్లను ఆదివారం రౌడీషీటర్ల పక్కన స్టేషన్ ఆవరణలో కూర్చోబెట్టే పద్ధతి ఎక్కడున్నా ఆపాలి. అక్కడ వాళ్లకి అయ్యేది పరిచయాలే.

ఈ నగరంలో పెద్దవాళ్ల బాధ్యత ఇంకోటుంది. వంగవీటి మోహన రంగా హత్య జరిగిన 1988 డిసెంబరు 26 తర్వాతి రోజులు చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. డెబ్బై, ఎనభైల నాటి తగాదాలు అరుగుల మీద వీరగాథలుగా చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు. చెప్పేవాళ్లు ఆ రోజుల్లో కొడుకులు పోయిన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. అదే పేటలో, అదే వీధిలో ఆ ఇళ్లు ఉన్నాయి.

మీ పత్రిక నుంచి మేం కోరేది మూడు. మైనర్లు ఉన్న కేసులో వరుసగా నిలబెట్టిన ఫొటో, ముసుగుతోనైనా సరే, వేయకండి. గుంపుకి పేటపేరుతో ‘బ్యాచ్’ అని నామకరణం చేయకండి. పదో తరగతి ఫలితాల మర్నాడు ర్యాంకుల పేజీలో సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ, ఐటీఐ దరఖాస్తు తేదీ పెద్దక్షరాల్లో వేయండి. ఆ ఫొటో పట్టే చోట ఈ నంబర్లు పడతాయి: పిల్లల సాయానికి 1098, ఉచిత న్యాయ సాయానికి 15100, మత్తు మాన్పించడానికి 14446, గంజాయి సమాచారం ఇవ్వడానికి మన రాష్ట్ర ఈగల్ విభాగం 1972.

ఇట్లు,
కృష్ణలంక, రాణిగారితోట, సింగ్‌నగర్, వాంబే కాలనీల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులు, న్యాయవాదులు, వైద్యులు,
విజయవాడ